కట్టెపిండి గిర్ని

అంబాదాస్ కొండాబత్తిని తన నాలుగో పవర్‌లూమ్‌ను కూడా తుక్కు కింద అమ్మేసిన రోజున, సోలాపూర్ తూర్పు భాగంలోని ఆ తెలుగు నేతగాళ్ల గల్లీలో అతని షెడ్ ముప్ఫై ఏళ్లలో మొదటిసారి మూగబోయింది. మగ్గాల చప్పుడు మీదుగా మాట్లాడీ మాట్లాడీ అతనికి అరవడం అలవాటైపోయింది. మగ్గాలు పోయినా ఆ గొంతు తగ్గలేదు. ఇంట్లో టీ అడిగితే గల్లీ చివరి పాన్ దుకాణం దాకా వినపడేది.

భార్య యమునాబాయి గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. కూతురు ప్రాజక్త బీకాం చివరి ఏడాది చదువుతోంది. ఆ ఇద్దరికీ పని ఉంది. అంబాదాస్‌కు లేదు. అతను రోజుకు పదిసార్లు షెడ్‌కు వెళ్లి తాళం తీసి, లోపల ఏమీ లేదని చూసుకుని, మళ్లీ తాళం వేసి వచ్చేవాడు. రెండు నెలలు చూసి చూసి యమునాబాయి, అటక మీద పడి ఉన్న తన మామ కాలంనాటి చేమగ్గం దూలాలనైనా అమ్ముకు రమ్మని అతన్ని కట్టెకోత మిల్లుకు తోలింది.

అక్కడ అంబాదాస్ దూలాల సంగతి మరిచిపోయాడు. మిల్లు వెనక గోడ ఎత్తున రంపపు పొట్టు గుట్ట పడి ఉంది. వాన పడితే నాని కంపు కొడుతుందనీ, ఎండ పడితే ఎగిరి కళ్లలో పడుతుందనీ, ట్రాక్టర్ పెట్టించి ఊరి బయట పారబోయించడమే ఒక పనైపోయిందనీ మిల్లు యజమాని మొత్తుకున్నాడు. కావాలంటే అంతా ఎత్తుకుపొమ్మన్నాడు, చేతులెత్తి దండం పెట్టి మరీ.

హోట్గి రోడ్డులో ఒక అగర్‌బత్తీల కార్ఖానా ఉంది. గల్లీ ఆడపిల్లలు నలుగురైదుగురు అక్కడికి పనికి పోతారు. పుల్లకు అంటించే ముద్దలో సగానికి పైగా ఉండేది మెత్తటి కట్టెపిండేననీ, అది కర్ణాటక నుంచి సంచుల్లో వస్తుందనీ వాళ్లు చెప్పగా అతను విన్నాడు. మిల్లు నుంచి ఇంటికి వచ్చేలోపు అతని బుర్రలో రెండూ కలిసిపోయాయి. వారం తిరక్కుండా సాంగ్లీలో మూతపడిన ఒక పసుపు గిర్ని నుంచి పాత పొడి యంత్రం ఒకటి కొనుక్కొచ్చి షెడ్‌లో బిగించాడు.

మొదటి రెండు రోజులు వచ్చిన పిండి పచ్చగా ఉండి, పసుపు వాసన వేసింది. శుభం అన్నారు గల్లీ ఆడవాళ్లు. మూడో రోజు పిండికి అసలు రంగు వచ్చింది, దాంతో గల్లీకీ వచ్చింది. యంత్రం ఊదిన దుమ్ములో సగం సంచిలో పడితే సగం గాల్లో లేచి, ఎదురుగా ఉన్న దశరథ్ సేఠ్ ఆవరణలో తాళ్ల మీద ఆరేసిన తడి టవళ్ల మీద వాలింది. తెల్ల టవళ్లన్నీ సాయంత్రానికి వేయించిన అప్పడాల రంగుకు వచ్చాయి.

దశరథ్ సేఠ్‌కు టవళ్ల కార్ఖానా ఉంది. దానికి మించి గల్లీ కమిటీ అధ్యక్ష పదవి ఉంది. ఆయన ఏ పనినీ కాగితం లేకుండా చేయడు. అర్జీని మూడు ప్రతులు రాయించి, ఒకటి మున్సిపాలిటీకి పంపి, ఒకటి తన ఫైల్లో పెట్టుకుని, మూడోది పట్టుకుని మనుషులను వెంటబెట్టుకొచ్చాడు.

"అంబాదాస్, గాలికి పోకుండ పిండి పట్టు, లేకుంటె గిర్ని బంద్ పెట్టు. నా టవల్ కొన్నోడు మొఖం తుడుసుకుంటె మొఖానికి కట్టె అంటుకుంటున్నది" అన్నాడు.

అంబాదాస్ గొంతు పెంచాడు గానీ, ముందు దశరథ్ సేఠ్, ఆ వెనకే ఆయన వెంట వచ్చిన వాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు తుమ్మడం మొదలుపెట్టడంతో ఆ వాదన నిలబడలేదు.

పిండి కూడా నిలబడలేదు. అగర్‌బత్తీల కార్ఖానా చూసుకునే తృప్తి అనే అమ్మాయి, అతను తీసుకెళ్లిన సంచిలోంచి చిటికెడు తీసి నల్లటి కాగితం మీద వేసి ఊదింది. మెత్తటిది ఎగిరిపోయింది. ముతక పలుకులు, బెరడు ముక్కలు మిగిలాయి. ఒక చిన్న మేకు కూడా. ముఖానికి రాసుకునే పౌడర్‌లా ఉండాలనీ, ఎనభై మెష్ జల్లెడలోంచి దిగాలనీ, తడి ఉండకూడదనీ మరాఠీలో నెమ్మదిగా చెప్పి, మేకును మాత్రం అతని చేతికే తిరిగి ఇచ్చింది.

అంబాదాస్ ఇంటికి వచ్చి, మెష్ అంటే పెద్ద చదువులు చదివినవాళ్ల వ్యవహారమని చెప్పి మంచం మీద పడుకున్నాడు. అదేమిటో చెప్పమని యమునాబాయి అడిగితే, జల్లెడలో అంగుళానికి ఎన్ని కన్నాలుంటే అన్ని మెష్ అని వివరించాడు.

ఆమె చుడుతున్న బీడీకి దారం కట్టడం ఆపింది. "అంటె అంగుళానికి ఎనభై పోగులు. ముప్పై ఏండ్లు నువ్వు లెక్కవెట్టింది గదే కద. దానికి కొత్త పేరు వెడితె గింత భయమైతదా?"

ఆ మర్నాటి నుంచి ఆమె కూడా షెడ్‌లోకి దిగింది. రంపపు పొట్టును డాబా మీద పలచగా పరిచి ఎండబెట్టించింది. గుప్పెడు తీసి పిసికి చూసేది. ఉండ కడితే తడి ఉన్నట్టు, వేళ్ల సందుల్లోంచి జారిపోతే ఆరినట్టు. పాతికేళ్లు బీడీ పొగాకును తడిమిన వేళ్లు అవి. ఎంత తడి ఉందో ఆ వేళ్లు చెబితే తప్పేది కాదు. పిండి గిర్ని వాళ్ల దగ్గర దొరికే నైలాన్ జల్లెడ గుడ్డ తెచ్చి, పోగులు లెక్కపెట్టడానికి భర్త వాడే భూతద్దంతో తానే లెక్కపెట్టి చూసుకుని చట్రానికి బిగించింది. బెరడు ముందే ఏరేసింది. పాత లౌడ్‌స్పీకర్‌లోని అయస్కాంతం ఊడదీసి, పొట్టు యంత్రంలో పడే చోట కట్టింది. మొదటి రోజే దానికి పద్నాలుగు మేకులు అంటుకున్నాయి.

దుమ్ముకు కూడా ఉపాయం ఆమే చూసింది. అమ్ముడుపోక మిగిలిన దళసరి నేత గుడ్డ ఇంట్లో తాన్లకు తాన్లు పడి ఉంది. పక్కింటి చంద్రభాగ, ఆమె కలిసి ఆ గుడ్డతో ఏనుగు పైజామా కాళ్లలా పొడుగాటి సంచులు కుట్టి, యంత్రం ఊదే మూతికి కట్టారు. గాలి గుడ్డలోంచి బయటికి పోయింది, పిండి లోపలే ఆగింది. దశరథ్ సేఠ్ టవళ్లు మళ్లీ తెల్లబడ్డాయి.

ఒకసారి అయస్కాంతం కన్నుగప్పి లోపలికి పోయిన మేకు, యంత్రం సుత్తులకు తగిలి నిప్పురవ్వ లేచింది. సంచి అడుగున పిండిలోంచి పొగ రావడం చూసి యమునాబాయి నీళ్లు గుమ్మరించి ఆర్పింది. కట్టెపిండి గాల్లో లేచినప్పుడు నిప్పు తగిలితే గది గదే అంటుకుంటుందని ఆ రోజే ఆమెకు బోధపడింది. దాంతో షెడ్‌లో బీడీ నిషేధించింది. దీపం, అగర్‌బత్తీ కూడా వద్దంది. బీడీలు చుట్టే మనిషి బీడీని, అగర్‌బత్తీ పిండి చేసే చోట అగర్‌బత్తీని నిషేధించడం గల్లీలో కొన్నాళ్లు నవ్వులాటగా నడిచింది. అంబాదాస్ మాత్రం బుద్ధిగా పాన్ దుకాణం దగ్గరికి వెళ్లి కాల్చుకుని వచ్చేవాడు.

తృప్తి ఈసారి ఊదితే నల్ల కాగితం మీద ఏమీ మిగల్లేదు. వారానికి ఒక టెంపో పిండి పంపమంది. చంద్రభాగతో పాటు ఇంకో ముగ్గురు ఆడవాళ్లు బీడీల చాటలు పక్కన పెట్టి పనిలోకి వచ్చారు.

ఇక్కడిదాకా కథ బాగానే ఉంది. ప్రాజక్త వీడియో తీయడంతో మలుపు తిరిగింది.

వీడియోలోకి రమ్మంటే యమునాబాయి, తలనిండా పిండి ఉంది, తర్వాత చూద్దామంది. అంబాదాస్ తలలో పిండి లేదు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని యంత్రం ముందు నిలబడి, తన మామూలు గొంతుతో మాట్లాడాడు. మైకు అక్కర్లేకుండా ప్రతి మాటా స్పష్టంగా వచ్చింది. పారేసే పొట్టును పనికొచ్చే పిండిగా మార్చిన నేత కార్మికుడని ఆ వీడియో ఫోన్ల మీద ఊరంతా తిరిగింది. స్థానిక పత్రిక ఒకటి అతన్ని శాస్త్రవేత్త అంది. ఇంకో పత్రిక, మొదటిదానికంటే వెనకబడకూడదని, స్వయంభూ శాస్త్రవేత్త అంది.

సన్మానాలు మొదలయ్యాయి. కాలేజీలు, యువక మండళ్లు, మహిళా మండళ్లు, అప్పుడప్పుడు తమ ఉనికి గుర్తుచేసుకునే సంఘాలు, అన్నీ పిలిచాయి. ప్రతి చోటా కొబ్బరికాయ, టవల్, మెడ చుట్టూ ఒక సోలాపురీ చద్దర్ దుప్పటి. చద్దర్లు ఎవరూ కొనడం లేదని మగ్గాలు అమ్ముకున్న మనిషికి మూడు నెలల్లో పంతొమ్మిది చద్దర్లు వచ్చాయి. వాటిలో చాలామటుకు సన్మాన సంఘాలకు సరఫరా చేసింది దశరథ్ సేఠే. గిర్ని మీద పెట్టిన అర్జీని ఆయన వెనక్కి తీసుకున్నాడు. ఫైల్లోని ప్రతిని మాత్రం ఉంచుకున్నాడు. అంబాదాస్‌లోని ప్రతిభను తానే మొదట గుర్తించానని ఇప్పుడు ప్రతి వేదిక మీదా చెబుతున్నాడు. ఒక లెక్కన అబద్ధం కాదు, మొట్టమొదట తుమ్మింది ఆయనే.

కట్టెకోత మిల్లు యజమాని కూడా పత్రిక చదివాడు. తర్వాతి టెంపో వెళ్లినప్పుడు పొట్టుకు వెల చెప్పాడు. వ్యర్థం నుంచి బంగారం అని పేపర్లో పడ్డాక, బంగారాన్ని ఊరికే ఎలా ఇస్తారన్నది అతని ప్రశ్న. గుట్ట చుట్టూ కంచె వేసి తాళం పెట్టాడు, డబ్బు చేతిలో పడితేనే తీసేవాడు.

అంబాదాస్‌కు ఇవేవీ పట్టలేదు. ఈ ఆలోచన తనకు తెల్లవారుజామున ధ్యానంలో తట్టిందని మొదట ఒక కాలేజీలో చెప్పాడు. చప్పట్లు రావడంతో అన్ని చోట్లా చెప్పసాగాడు. ఒకచోట ఒక విద్యార్థిని లేచి, పిండిలో తడి ఎంతుందో దేనితో కొలుస్తారని అడిగింది.

అతను, "గా మెషిన్ మా ఇంట్ల ఉన్నది" అన్నాడు.

ఇంట్లో ఆ మెషిన్, పొట్టు ఎండబెట్టడానికి డాబా మెట్లు రోజుకు నలభైసార్లు ఎక్కిదిగుతోంది. షెడ్‌కు రాని మనిషి మీద యమునాబాయికి కోపం లేకపోలేదు. అయితే అతను మళ్లీ మంచం మీద పడుకోవడం కంటే వేదికలెక్కడమే నయమని ఊరుకుంది.

అప్పుడు దశరథ్ సేఠ్‌కు లోకార్పణ ఆలోచన వచ్చింది. ఎనిమిది నెలలుగా నడుస్తున్న గిర్నిని ఇంకా ఎవరూ ప్రారంభించలేదని ఆయన గుర్తించాడు. ముఖ్య అతిథిగా ఒక సహకార సంస్థ మాజీ అధ్యక్షుణ్ణి పిలిచాడు. గల్లీలో అందరూ ఆయన్ని సాహెబ్ అనే అంటారు, ఆయన ఇప్పుడు ఏ పదవిలో ఉన్నాడో ఎవరికీ ఖచ్చితంగా తెలియదు కాబట్టి.

కార్యక్రమం బయట గల్లీలో పెట్టుకోమని యమునాబాయి చెప్పింది. బ్యానర్ షెడ్‌లోపల కట్టేశారన్నాడు దశరథ్ సేఠ్. అయితే దీపం వద్దు, కావాలంటే కరెంటు దీపం పెట్టుకోమంది.

"కరెంటు దీపం ఫొటోల మంచిగ కనవడది వదినె" అన్నాడాయన. "సాహెబ్ అగ్గిపుల్ల గీకంగ తియ్యాలె."

ఆమె భర్తను పక్కకు పిలిచి చెప్పింది. అతను సభ కోసం కుట్టించుకున్న కోటు గుండీలు పెట్టుకుంటూ, రెండు నిమిషాల పనేనన్నాడు. "నలుగురి ముంగట నా ఇజ్జత్ తియ్యకు, యమున" అన్నాడు.

యమునాబాయి చంద్రభాగను పిలిచి, పెద్ద గంగాళం నిండా నీళ్లు పట్టించి, అందులో గోనెసంచులు నానవేయించింది. తను వెళ్లి మెయిన్ స్విచ్ పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

పదకొండు గంటలకన్న కార్యక్రమానికి సాహెబ్ ఒంటిగంటకు వచ్చాడు. దశరథ్ సేఠ్ అరగంట మాట్లాడాడు. తర్వాత ఫొటోగ్రాఫర్, యంత్రం ఆగి ఉంటే ఫొటోకు జీవం రాదన్నాడు. యంత్రం వేశారు. పిండి కనపడటం లేదన్నాడు. దశరథ్ సేఠ్ స్వయంగా ముందుకు వెళ్లి, గుడ్డ సంచి మూతి ముడి కొంచెం వదులు చేశాడు. కొంచెమే అనుకున్నాడు. ఎనభై మెష్ పిండి పొగమంచులా లేచి బ్యానర్‌ను, అతిథులను, ఐదు వత్తుల దీపపు సెమ్మెను కప్పేసింది. ఆ మబ్బులో నిలబడి, ఫొటోగ్రాఫర్ ఒకటి, రెండు, మూడు అనగానే సాహెబ్ అగ్గిపుల్ల గీశాడు.

భగ్గుమంది. పసుపుపచ్చటి మంట ఒకటి పైకప్పు రేకుల దాకా లేచి, అంతలోనే మాయమైంది. ఎవరికీ కేక వేయడానికి కూడా సమయం చాలలేదు. కళ్లు తెరిచేసరికి గుడ్డ సంచి, బ్యానర్ అంటుకుని ఉన్నాయి. అప్పటికే యమునాబాయి స్విచ్ ఆపేసింది. యంత్రం ఊదడం ఆగింది. సాహెబ్‌కు కప్పడానికి పళ్లెంలో మడిచి పెట్టిన చద్దర్ ఆమె చేతికి అందింది. దాన్ని గంగాళంలో ముంచి, రెండు చేతులా విప్పి మండుతున్న సంచి మీద పడేసి అదిమింది. చంద్రభాగ, తక్కిన ఆడవాళ్లు తడి గోనెలతో బ్యానర్‌ను కొట్టి ఆర్పారు. మొత్తం మూడు నిమిషాల్లో అయిపోయింది. ముఖ్య అతిథిని చద్దర్‌తో సత్కరించడం మాత్రం కుదరలేదు.

ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. సాహెబ్ కనుబొమ్మలు, సగం మీసం పోయాయి. ఆయన మంట చూడగానే ఎదురుగా ఉన్న దశరథ్ సేఠ్ ఆవరణలోకి పరుగెత్తి, మొదట కనపడిన తొట్టిలో తల ముంచాడు. అది టవళ్లకు వేసే ఆకుపచ్చ రంగు. నాలుగు రోజులు ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదని చెప్పుకున్నారు.

మర్నాడు పత్రికలో ఫొటో పడింది. మంట అద్భుతంగా వచ్చింది. తేజోమయంగా జరిగిన దీప ప్రజ్వలన అని కింద రాశారు. ఆ సాయంత్రం గల్లీ కమిటీ అత్యవసరంగా సమావేశమై రెండు తీర్మానాలు చేసింది. మొదటిది, ప్రమాద సమయంలో సాహెబ్ చూపిన ధైర్యాన్ని అభినందిస్తూ. రెండోది, గల్లీ భద్రత దృష్ట్యా గిర్నిని వెంటనే తొలగించాలని కోరుతూ. రెండోదాన్ని కొత్తగా రాయించాల్సిన అవసరం పడలేదు. ఫైల్లో ఉన్న పాత అర్జీకి తేదీ మార్చారు.

అంబాదాస్ నిన్నటి కాలిన కోటు ఇంకా విప్పకుండా షెడ్‌లో నేల మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు. యమునాబాయి పళ్లెం తెచ్చి ముందు పెట్టింది.

"నువ్వు స్విచ్ దగ్గర నిలవడకుంటె ఏమైతుండె?" అన్నాడు. మొదటిసారి అతని గొంతు గది దాటలేదు.

"ఏమైతుండెనో నీకు ఎరికె. తిను."

"నాకు గంత మంది చప్పట్లు కొడ్తె, గది నేనే చేసిన అనిపిచ్చింది యమున. నిజంగనే అనిపిచ్చింది."

ఆమె అతన్ని చూసింది. అతని కనురెప్పల వెంట్రుకలు కూడా కమిలి చుట్టలు తిరిగి ఉన్నాయి. తనకు ముసలితనం వచ్చాక కూడా ఈ మనిషికి పసితనం పోదేమోననిపించి నవ్వు వచ్చింది, నవ్వేలోపే ఏడుపు వచ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "సోమవారం టెంపో వస్తది. నల్లగైన పిండి వేరె తియ్యి, మంచిది వేరె తియ్యి. నాకు సంచి కుట్టేదున్నది" అని లేచింది.

వార్త చదివి తృప్తి స్వయంగా వచ్చింది. షెడ్ చూసి, పిండి చూసి, ఇళ్ల మధ్య ఈ పని ఎప్పటికైనా ముప్పేనని చెప్పింది. అంబాదాస్ ఒప్పుకోలేకపోయాడు గానీ యమునాబాయి వెంటనే ఒప్పుకుంది. కమిటీ అర్జీ దొంగదే అయినా అందులో ఉన్న మాట నిజమని ఆమెకు తెలుసు. ఊరి బయట కుంభారి వైపు, బీడీ కార్మికుల కొత్త కాలనీకి అవతల, ఖాళీ స్థలంలో ఒక రేకుల షెడ్ అద్దెకు దొరికింది. చుట్టూ ఎండ, గాలి. పొట్టు ఎండబెట్టడానికి మెట్లెక్కే పని లేదు. బీడీల పని తగ్గి చేతులు ఖాళీగా ఉన్న ఆడవాళ్లు ఆ కాలనీలో వందలమంది ఉన్నారు. పది మంది వచ్చి చేరారు.

ఈసారి పరిశ్రమ అమ్మ పేరు మీదే నమోదు కావాలని ప్రాజక్త పట్టుబట్టింది. ఫారంలో అనుభవం అన్న గడిలో, బీడీలు చుట్టడం పాతికేళ్లు అని రాసింది. సంబంధం లేని అనుభవం చెల్లదని ఆఫీసులో గుమాస్తా దాన్ని కొట్టేయించాడు. ఖాళీగా వదిలినా చెల్లదన్నాడు. చివరికి ఆయనే దయతలిచి, గృహిణి అని నింపుకున్నాడు. అది చెల్లింది.

కట్టెకోత మిల్లు యజమాని వెల ఇంకా పెంచాలని నెల రోజులు తాళం వేసుకుని కూర్చుని, వాన పడ్డ మర్నాడు తనే ఫోన్ చేశాడు. పొట్టు మళ్లీ కంపు కొడుతోంది. బంగారాన్ని త్వరగా ఎత్తుకుపొమ్మన్నాడు.

అంబాదాస్ ఇప్పుడు అయస్కాంతం దగ్గర ఉంటాడు. పొట్టు జల్లించి, మేకులు ఏరి, ఎండినదీ ఎండనిదీ వేరు చేయించడం అతని పని. తడి చూడటం వేళ్లతో నేర్చుకుంటున్నాడు. పదిసార్లలో ఏడుసార్లు సరిగ్గా చెబుతాడు. మిగతా మూడుసార్లకు యమునాబాయిని పిలుస్తాడు. సభలకు రమ్మని ఫోన్లు వస్తే, పనిలో ఉన్నానంటాడు. అలా అన్న ప్రతిసారీ ఆ మాట తనకే కొత్తగా వినిపించి కాసేపు ఫోన్ చేతిలోనే పట్టుకుని నిలబడతాడు.

చలికాలంలో ఒకరోజు మధ్యాహ్నం దశరథ్ సేఠ్ కారులో కుంభారి వచ్చాడు. గల్లీ కమిటీ వార్షికోత్సవంలో, మంటలార్పిన వీరనారిగా యమునాబాయిని సత్కరించాలని తీర్మానించారట. సాహెబ్ చేతుల మీదుగానే. ఆయనకు కనుబొమ్మలు మళ్లీ వచ్చాయట. అచ్చు వేయించిన కార్డు చేతికిచ్చాడు.

యమునాబాయి చేతులు పిండిలో ఉండటంతో ప్రాజక్త తీసుకుని చదివింది. సన్మాన గ్రహీత అని ఉన్నచోట, సౌభాగ్యవతి అంబాదాస్ కొండాబత్తిని అని ఉంది.

"ఇందుల అమ్మ పేరు ఏది కాకా?" అని అడిగింది ప్రాజక్త.

"అగో, అదే కద" అన్నాడు దశరథ్ సేఠ్, అర్థంకాక.

యమునాబాయి విని, పేరు ఎవరిదుందో వాళ్లనే తీసుకుపొమ్మని భర్త వైపు చూపించి, జల్లెడ దగ్గరికి వెళ్లిపోయింది. టెంపో వచ్చే వేళైంది. దశరథ్ సేఠ్ అంబాదాస్ వైపు ఆశగా చూశాడు. అంబాదాస్ కార్డు అందుకుని, రెండు వైపులా తిప్పి చూశాడు. మంచి దళసరి కాగితం. వెనక వైపు ఖాళీగా ఉంది. చెవి సందున పెట్టుకున్న పెన్సిల్ తీసి, 'తడి ఉంది, ఇంకో రోజు ఎండాలి' అని ఆ వైపున పెద్ద అక్షరాలతో రాసి, పొద్దున వచ్చిన పొట్టు గుట్టలో నాటాడు.

"ఏమనుకోకు సేఠ్" అన్నాడు మెల్లగా. "ఆరు దాక నాకు ఇక్కడ డ్యూటీ."